రెండు మూడు లక్షల్లో కార్బన్ రోడ్ బైక్: ముందు సైజు, ఆ తర్వాతే బ్రాండు

"ట్రెక్ తీసుకోవాలా, జెయింటా, స్పెషలైజ్డా?" మొదటి కార్బన్ సైకిల్ కొనబోయేవాళ్ళలో చాలామంది ముందు అడిగేది ఇదే. తర్వాత గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్టు) కేబుళ్ళతో నడిచే మెకానికలా, బ్యాటరీతో గేర్లు మార్చే డీఐ2నా అని. ఆ తర్వాత రంగు. సైజు సంగతి షోరూమ్ అబ్బాయి మన ఎత్తు అడిగి, గోడమీది చార్టు చూసి అరనిమిషంలో తేల్చేస్తాడు. రోడ్డు మీద మిగతా అన్నింటికన్నా ఎక్కువ తేడా చూపించేది ఆ అరనిమిషపు లెక్కే. ఈ ధరలో పేరున్న ఏ కంపెనీ సైకిలూ చెడ్డది కాదు. మీ ఒంటికి సరిపోని సైజు మాత్రం ఎంత గొప్ప కంపెనీదైనా నాలుగు నెలల్లో బాల్కనీ చేరుతుంది.

ఇక్కడ మధ్యస్థ ధర అంటున్నది సుమారు రెండు లక్షల నుంచి మూడున్నర లక్షల దాకా. ఇందులో పన్నుల వాటా చిన్నదేం కాదు. సైకిళ్ళ మీద దిగుమతి సుంకాన్ని 2023 బడ్జెట్‌లో 30 నుంచి 35 శాతానికి పెంచారు. జీఎస్టీ మాత్రం 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాస్తా 5కి దిగింది. కాబట్టి మీ ఫ్రెండ్ మూడేళ్ళ కిందట కొన్న ధర పట్టుకుని బేరానికి వెళ్ళకండి. షాపులో పాత ఎమ్మార్పీ స్టిక్కర్ కనిపిస్తే, పన్ను తగ్గాక లెక్క ఎంతయిందో అడగడానికి మొహమాటపడకండి.

ఈ డబ్బుకి దొరికేది కంపెనీ వాళ్ళ రెండో రకం కార్బన్ ఫ్రేమ్. ట్రెక్‌లో ఎస్ఎల్ ఫ్రేములు 500 సిరీస్ కార్బన్, ఖరీదైన ఎస్ఎల్ఆర్ 800 లేదా 900 సిరీస్. జెయింట్‌లో అడ్వాన్స్‌డ్, దానిపైన అడ్వాన్స్‌డ్ ఎస్ఎల్. తేడా కొన్ని వందల గ్రాముల బరువు, కాస్త బిగువు. జామెట్రీ, అంటే ఫ్రేము గొట్టాల పొడవులు, కోణాలు, మాత్రం ఒకటే. అంటే రేసర్లు తొక్కే పది లక్షల సైకిల్ మీద ఎలా కూర్చుంటారో మీ మూడు లక్షల సైకిల్ మీదా అలాగే కూర్చుంటారు. ఇది వరమూ కావచ్చు, శాపమూ కావచ్చు.

సైజు నంబరు వెనక

పాత స్టీలు రోడ్ సైకిళ్ళలో టాప్ ట్యూబ్ (సీటు కింది నుంచి హ్యాండిల్ వైపు పోయే పైగొట్టం) నేలకు సమాంతరంగా ఉండేది. సీటును మోసే సీట్ ట్యూబ్ పొడవు 54 సెంటీమీటర్లయితే సైజు 54. 1990ల చివర్లో జెయింట్ కంపెనీ, ఇంగ్లండ్ డిజైనర్ మైక్ బరోస్ గీసిన టీసీఆర్ అనే మోడల్‌తో ఆ టాప్ ట్యూబ్‌ని వెనక్కి వాల్చేసింది. ఫ్రేమ్ చిన్నదైంది, సీటు కింది కడ్డీ, అంటే సీట్‌పోస్ట్, పొడవైంది, బోలెడన్ని సైజులు చేయాల్సిన చోట మూడు నాలుగుతో సరిపెట్టే వీలు దొరికింది. ఇప్పుడు దాదాపు అందరిదీ అదే పద్ధతి. 54 అని రాసి ఉన్న ఫ్రేములో 54 సెంటీమీటర్లున్న గొట్టం ఒక్కటీ ఉండకపోవచ్చు. 2024లో ట్రెక్ తన ఎమోండా మోడల్‌ని మడోన్‌లో కలిపేసినప్పుడు ఆ నంబర్లు కూడా తీసేసి ఎస్, ఎం, ఎంఎల్ అంటూ అక్షరాలు పెట్టింది. ఎనిమిది సైజులు ఆరయ్యాయి.

అందుకని చూడాల్సినవి స్టాక్, రీచ్ అనే రెండు అంకెలు. పెడల్ ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి హ్యాండిల్ కిందుండే హెడ్ ట్యూబ్ పైఅంచు ఎంత ఎత్తులో ఉందో అది స్టాక్. అదే నడిమి నుంచి హెడ్ ట్యూబ్ ఎంత ముందుకు ఉందో అది రీచ్. ప్రతి కంపెనీ వెబ్‌సైట్లో, ప్రతి మోడల్ కింద, జామెట్రీ పట్టికలో ఇవి ఉంటాయి.

కొన్ని అసలు అంకెలు చూద్దాం. స్పెషలైజ్డ్ టార్మాక్ ఎస్ఎల్7, సైజు 54: స్టాక్ 544 మిల్లీమీటర్లు, రీచ్ 384. ట్రెక్ ఎమోండా, 2021 తర్వాతిది, సైజు 54: 541, 384. జెయింట్ టీసీఆర్, 2021 నమూనా, సైజు ఎం: 545, 383. మూడు కంపెనీలు, మూడు ధరలు, అభిమానుల మధ్య తెగని వాదనలు. ఎక్కి కూర్చున్నవాడికి మాత్రం మూడూ ఒకటే సైకిల్.

ఆ మూడూ కిందికి వంగి తొక్కే రేస్ ఫ్రేములు. ఇప్పుడు అదే ట్రెక్ వాళ్ళ డొమానే తీసుకోండి, ఇది కాస్త నిటారుగా కూర్చుని దూరాలు తొక్కడానికి చేసిన ఎండ్యూరెన్స్ ఫ్రేమ్. సైజు 54లో స్టాక్ 575, రీచ్ 374. ఎమోండా కంటే 34 మిల్లీమీటర్లు ఎత్తు, 10 మిల్లీమీటర్లు దగ్గర. "ఎమోండాకే హ్యాండిల్ కింద కొన్ని స్పేసర్లు (ఎత్తు పెంచే రింగులు) వేస్తే డొమానే అయిపోదా?" అని అడిగితే, కూర్చునే తీరు వరకు నిజంగానే అయిపోతుంది. హెడ్ ట్యూబ్ సుమారు 73 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి స్పేసర్లు వేసేకొద్దీ హ్యాండిల్ పైకి లేవడమే కాక వెనక్కి కూడా జరుగుతుంది. ప్రతి 10 మిల్లీమీటర్లకు దాదాపు 3. ఎమోండాలో 35 మిల్లీమీటర్ల స్పేసర్లు పేర్చితే 34 ఎత్తు వస్తుంది, 10 వెనక్కి వస్తుంది. 384లో 10 తీసేస్తే 374. అచ్చం డొమానే. అయితే కార్బన్ స్టీరర్ (ఫోర్కు నుంచి హెడ్ ట్యూబ్ గుండా పైకి వచ్చే గొట్టం) మీద ఎంత ఎత్తు దాకా స్పేసర్లు పేర్చవచ్చో ప్రతి కంపెనీ మాన్యువల్లో హద్దు పెడుతుంది, మీరు మొదటి రోజే ఆ హద్దు దగ్గరికి చేరుకున్నట్టు. రేపు నడుము పట్టేసి ఇంకో సెంటీమీటరు కావాలంటే పేర్చడానికి చోటుండదు. స్పేసర్ల దొంతర మీద నిలబడాల్సి వచ్చే రేస్ ఫ్రేమ్ కంటే, అదే ఎత్తు సహజంగా ఇచ్చే ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ నయం.

పక్కపక్క సైజుల మధ్య దూరం కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. టార్మాక్ 52కి స్టాక్ 527, రీచ్ 380. దాన్ని స్పేసర్లతో 54 ఎత్తుకి తెస్తే 17 మిల్లీమీటర్లు పైకి, 5 వెనక్కి వెళ్ళి రీచ్ 375 అవుతుంది. 54తో తేడా 9, అంటే హ్యాండిల్‌బార్‌ని స్టీరర్‌కి కలిపే స్టెమ్‌లో ఒక సైజు. కాబట్టి 52, 54ల మధ్య ఊగుతున్నవాళ్ళు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు, ఏది తీసుకున్నా 10 మిల్లీమీటర్ల పొట్టి స్టెమో, పొడుగు స్టెమో వేసి సర్దేయొచ్చు. అదే టార్మాక్‌లో 56కి స్టాక్ 565, రీచ్ 395. ఇదే లెక్క వేస్తే 54కీ 56కీ తేడా 17 మిల్లీమీటర్ల దాకా తేలుతుంది. ఇక్కడ ఊగేవాళ్ళు జాగ్రత్తపడాలి. అనుమానంగా ఉంటే చిన్న సైజు వైపే మొగ్గమంటాను, సీటు మరీ పైకి లేచి హ్యాండిల్ పాతాళంలో ఉన్నట్టు అనిపించకపోతే.

ఎత్తు ఒక్కటే అడిగే చార్టుని నమ్మకండి

చెప్పులు విప్పి, గోడకు వీపు ఆనించి నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య సీటు మీద కూర్చున్నంత బిగువుగా పైకి నొక్కి, దాని పైఅంచు గోడకు ఆనే చోట పెన్సిల్‌తో గీత పెట్టించండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నది మీ ఇన్‌సీమ్. ప్యాంటు కొలత దీనికి పనికిరాదు. ఆ ఇన్‌సీమ్‌ని 0.883తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం సుమారుగా వస్తుంది. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుమీద ప్రచారంలోకి వచ్చిన లెక్క ఇది. తుది మాట కాదు కానీ మొదలుపెట్టడానికి బాగా పనికొస్తుంది.

ఇప్పుడు ఇద్దరిని ఊహించుకోండి. ఇద్దరి ఎత్తూ 170 సెంటీమీటర్లే, మన చుట్టూ చాలామందిది దాదాపు అదే ఎత్తు. ఒకరి ఇన్‌సీమ్ 76, ఇంకొకరిది 81. మొదటివారి సీటు ఎత్తు 67.1 సెంటీమీటర్లు, రెండోవారిది 71.5. షోరూమ్ చార్టు ఇద్దరికీ ఒకే ఫ్రేమ్ చెబుతుంది. ఆ ఫ్రేమ్ మీద రెండోవారి సీటు నాలుగు సెంటీమీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది కాబట్టి వాళ్ళు అంతమేరా ఎక్కువ వంగాలి. పైగా కాళ్ళు పొడుగంటే నడుము పైభాగం పొట్టి, అంటే చేయి చాచాల్సిన దూరమూ ఎక్కువే. వాళ్ళకి కావాల్సింది స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ ఉన్న ఫ్రేమ్. మొదటివారు టీసీఆర్ మీద హాయిగా ఉంటారు, రెండోవారు డొమానే, జెయింట్ వాళ్ళ డిఫై లాంటివి చూసుకోవాలి. చార్టు ఈ సంగతి చెప్పదు.

ఇప్పటికే మీకు ఒళ్ళు నొప్పులు లేకుండా తొక్కుతున్న రోడ్ సైకిల్ ఏదైనా ఉంటే, అది డెకథ్లాన్ వాళ్ళ పాత అల్యూమినియం ట్రైబన్ అయినా సరే, మీ దగ్గర బంగారం లాంటి సమాచారం ఉన్నట్టే. దాని స్టాక్, రీచ్, స్టెమ్ పొడవు, స్పేసర్ల ఎత్తు రాసుకుని పోల్చండి.

ఒక షోరూమ్‌లో చూసిన సైకిల్ ఇంకా కళ్ళముందే ఉంది. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి 56 అమ్మారు, ఆ సీజన్‌కి మిగిలిన పీసు అదొక్కటేనట. సీట్‌పోస్ట్ క్లాంపు పైన నాలుగు వేళ్ళ మందం కూడా బయటికి లేదు. సీటు పట్టాల మీద ముందుకు ఎంత జరుగుతుందో అంతా జరిపేశారు. 110 మిల్లీమీటర్ల స్టెమ్ తీసేసి 70ది వేశారు. "ఇప్పుడు సెట్ అయింది సార్." ఆయన బ్రేక్ హుడ్స్ (లివర్ల పైనుండే రబ్బరు పట్టులు) మీద చేతులు పెడితే మోచేతులు కర్రల్లా బిగుసుకున్నాయి. ఎదుటివాళ్ళు సైకిల్ ఎక్కి నిలబడినప్పుడు మీరూ ఇవే చూడండి. స్టెమ్ 90 నుంచి 110 మధ్య ఉండి, సీటు పట్టాల మధ్యలో ఉండి, సీట్‌పోస్ట్ తగినంత బయటికి కనిపిస్తే సైజు దారిలో ఉన్నట్టు. 80 కంటే పొట్టి స్టెమ్ వేస్తే తప్ప అందడం లేదంటే ఆ ఫ్రేమ్ మీది కాదు. "స్టెమ్ మార్చేద్దాం సార్, ఐదు నిమిషాల పని" అన్న మాట కూడా ఇప్పుడు అంత తేలిక కాదు. చాలా కొత్త మోడళ్ళలో బ్రేక్ హోస్‌లు, అంటే బ్రేకు ద్రవం పోయే గొట్టాలు, హెడ్‌సెట్ బేరింగుల గుండా లోపలికి పోతాయి. కొన్నింటిలో స్టెమ్, హ్యాండిల్‌బార్ కలిసి ఒకే ముక్క. మొదటి కార్బన్ సైకిల్‌కి అలాంటి ఒకే ముక్క హ్యాండిల్ వద్దు. మీ కొలత మీకు తెలిశాక చూసుకోవచ్చు.

పొట్టివాళ్ళకీ, ఆడవాళ్ళలో చాలామందికీ వచ్చే ఇబ్బంది వేరు. కంపెనీ 44, 47, ఎక్స్ఎస్ లాంటివి చేస్తుంది, మన డీలర్ తెప్పించడు. జెయింట్ వాళ్ళ లివ్ బ్రాండు పూర్తిగా ఆడవాళ్ళ కోసమే ఉన్నా, కావాల్సిన సైజు షాపులో సిద్ధంగా దొరకడం అదృష్టం. ఆర్డరిచ్చి ఆగండి. నెలలు పట్టినా ఆగండి. చిన్న ఫ్రేముల్లో హ్యాండిల్ తిప్పినప్పుడు బూటు ముందు చక్రానికి తగలడం మామూలే, అది లోపం కాదు. 42 సెంటీమీటర్ల హ్యాండిల్‌బార్ సన్నని భుజాలకు వెడల్పు, 172.5 మిల్లీమీటర్ల క్రాంకు (పెడల్‌ని తిప్పే చేయి) పొట్టి కాళ్ళకు పొడుగు. ఇవి మార్చమని కొనే రోజే అడిగితే షాపువాళ్ళు తేడా తీసుకుని మారుస్తారు. తర్వాత అడిగితే మొత్తం డబ్బు మీదే.

రేస్ ఫ్రేమా, ఎండ్యూరెన్సా

ఒకవైపు టీసీఆర్, టార్మాక్, సూపర్‌సిక్స్, ఎమోండా లేదా ఇప్పటి మడోన్. మరోవైపు డిఫై, రూబే, సినాప్స్, డొమానే. నా ఓటు, పదిమందిలో ఎనిమిది మందికి, రెండో వరుసకే.

కారణం మన రోడ్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ అద్దంలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మియాపూర్ నుంచో ఉప్పల్ నుంచో అక్కడికి చేరేలోపు ఎన్ని స్పీడ్ బ్రేకర్లు, ఎన్ని కేబుల్ గుంతలు! విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డు అందంగానే ఉంటుంది, చక్రాల కింద ఇసుక మాత్రం ఎక్కడ ఎదురవుతుందో చెప్పలేం. ఇలాంటి చోట తేడా చూపించేది ఫ్రేమ్ కంటే ముందు టైరు. ఎమోండాలో కంపెనీ ఒప్పుకునేది 28 మిల్లీమీటర్ల టైరు దాకానే. టార్మాక్ ఎస్ఎల్7లో 32 పడుతుంది, డొమానేలో 38 దాకా. 32 టైరు వేసి గాలి కాస్త తగ్గించి తొక్కితే మణికట్లు, మెడ ఎంత సుఖపడతాయో ఒక్క వారం చాలు తెలుసుకోవడానికి. ఇవాళ కొంటున్నప్పుడు 32 పట్టని ఫ్రేమ్ మీద డబ్బు పెట్టొద్దు.

గడువులోపు చాలా దూరం తొక్కాల్సిన బ్రెవేల ఆలోచన ఉంటే ఇక చర్చే లేదు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కి 40 గంటలు గడువు. అంతసేపు సీటు మీద ఉండేవాళ్ళకి గాలి నిరోధం కంటే ముందు మెడ గుర్తొస్తుంది. రేస్ ఫ్రేమ్ ఎవరికి? ఇప్పటికే కిందికి వంగి గంటలకొద్దీ తొక్కగలిగేవాళ్ళకి, ఆదివారం గుంపుల్లో ముందుండి లాగేవాళ్ళకి, రేసుల్లో దిగేవాళ్ళకి. వాళ్ళకి ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ ఇస్తే ముందు భాగం ఎత్తుగా, బద్ధకంగా ఉందని నిజంగానే విసుక్కుంటారు.

గేర్ల విషయంలోనూ ఇదే చీలిక. ఎండ్యూరెన్స్ సైకిళ్ళకు ఎక్కువగా ముందు 50/34 పళ్ళ చక్రాలు, వెనక 11-34 పళ్ళవి వస్తాయి. రేస్ సైకిళ్ళలో కొన్నింటికి 52/36, వెనక 11-30. అరకు ఘాట్‌లోనో, బెంగళూరు దగ్గరి నంది కొండ మీదో చివరి మలుపుల్లో వేగం గంటకు 10 కిలోమీటర్లకు పడిపోయిందనుకోండి. 34కి 34 గేర్లో కాళ్ళు నిమిషానికి 80 దరిదాపుల్లో తిరుగుతుంటాయి. 36కి 30లో 66. ఆ పద్నాలుగు చుట్ల తేడా భరించేది మోకాళ్ళే.

మిగతావి, తొందరగా

గ్రూప్‌సెట్ షిమానో 105 అయితే చాలు. 12 గేర్ల మెకానికల్ 105, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులతో వచ్చేది, మన చిన్న ఊళ్ళ మెకానిక్కులు కూడా కేబుల్ మార్చి నడిపించగలరు. డీఐ2 వెర్షన్ 2022 నుంచి ఉంది. మీట తాకితే గేరు పడుతుంది, అలవాటైతే వెనక్కి రాబుద్ధి కాదు. లివర్లలో సీఆర్1632 నాణెం బ్యాటరీలు పడతాయి, అవి ప్రతి కిరాణా కొట్లో దొరికేవి కావు, రెండు జతలు దగ్గరుంచుకోండి. బడ్జెట్‌ని సాగదీస్తే తప్ప డీఐ2 రాదంటే మెకానికల్ తీసుకుని మిగిలిన డబ్బు ఫిట్టింగ్‌కీ, టైర్లకీ పెట్టండి.

బరువు గురించి షాపుల్లో చాలా మాట్లాడతారు. మీరు, సైకిలు, నీళ్ళ సీసాలు కలిపి 82 కిలోలు అనుకుందాం. ఒక కిలో తగ్గితే మొత్తంలో 1.2 శాతం. 40 నిమిషాలు పట్టే ఘాట్‌లో అరనిమిషం కలిసొస్తుంది. ఆ కిలో కోసం లక్ష అడిగితే ఏం చెప్పాలో మీ ఇష్టం.

సెకండ్ హ్యాండ్ కార్బన్ మీద ఆశ ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన మొదటి సంగతి స్టీరర్. పాత యజమాని తన ఒంటికి తగ్గట్టు కోయించేసి ఉంటాడు, కోసిన గొట్టం మళ్ళీ పెరగదు. స్పేసర్లు ఎన్ని ఉన్నాయో, స్టెమ్ పైన ఇంకేమైనా మిగిలి ఉందో ఫొటో అడిగి తెప్పించుకోండి. సైజు లెక్క అక్కడే తేలిపోతుంది. సీట్‌పోస్ట్ బయటికి వస్తుందో లేదో మీరే లాగి చూడండి, చెమటకీ వానకీ లోపల ఇరుక్కుపోయినవి చాలా ఉంటాయి. సీట్ క్లాంపు చుట్టూ, బాటమ్ బ్రాకెట్ దగ్గర, చెయిన్ పడి కోసుకున్న చెయిన్‌స్టే (వెనక చక్రం దాకా పోయే కింది గొట్టం) మీద టార్చి వేసి చూడండి. రంగు గీతలా కనిపించింది గోరు తగిలించినప్పుడు అంచులా తగిలితే వదిలేయండి. ట్రెక్, జెయింట్ ఫ్రేములకు ఇచ్చే జీవితకాల వారంటీ మొదటి కొనుగోలుదారుకే, మీకు రాదు.

కొత్తది కొంటున్నవాళ్ళు బిల్లు కట్టే ముందు అడగాల్సినవి కొన్ని. ఈ ధర సైకిళ్ళకు చాలావాటికి పెడళ్ళు రావు, ఆ ఖర్చు విడిగా వేసుకోండి. బిగువు కొలిచే టార్క్ రెంచ్, జారకుండా పట్టే కార్బన్ పేస్టు లేకుండా సీట్‌పోస్ట్ బిగించే షాపయితే వేరే షాపు చూసుకోండి. వెనక గేరు మార్చే డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం, విరిగాక వెతికితే వారాలు పడుతుంది, ఆ రోజే ఒకటి అదనంగా తీసుకోండి. స్టీరర్ మాత్రం మొదటి రెండు మూడు నెలలు కోయనివ్వకండి. స్టెమ్ పైన రెండు స్పేసర్లు లేచి ఉంటే ఫొటోల్లో బాగుండదని అంటారు. ఉండనివ్వండి, మీ నడుము ఏ ఎత్తు దగ్గర స్థిరపడుతుందో తెలిశాక కోయించవచ్చు.